చలికాలం పరుగులో ఛాతీ మంట, పొడి దగ్గు

డిసెంబరు నుంచి నెక్లెస్ రోడ్డు మీద పొద్దున 5 గంటలకి పరుగెత్తితే ఛాతీలో మంట, తర్వాత గంటసేపు పొడి దగ్గు అన్నారు కదండీ. వచ్చేవారం ఢిల్లీ ప్రయాణం కూడా ఉందన్నారు. నాకూ రెండు చలికాలాలు ఇదే గోల.

లోపం మీ ఊపిరితిత్తులది కాకపోవచ్చు, టైముది. చలికాలం రాత్రుళ్లు నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువుగా కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. బళ్ల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, అన్నీ ఆ మూత కిందే. ఎండ ఎక్కితే గానీ కదలవు. తెల్లవారుజాము గాలి స్వచ్ఛమన్న మాట జనవరిలో సిటీకి నప్పదు. నేను ఎనిమిదిన్నరకి మార్చుకున్నాను. ఆఫీసుకెళ్లేవాళ్లకి కష్టమే, కనీసం శని, ఆదివారాలు చూడండి.

చల్లటి పొడిగాలిని నోటితో పీల్చినా దగ్గొస్తుంది. మొదటి పది నిమిషాలు నడక, ఆపైన పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగం. ముక్కు, నోరు కప్పేలా పల్చటి నూలు గుడ్డ కట్టుకోండి (పొగని ఆపదు, గాలిని కాస్త వెచ్చబరుస్తుంది, అంతే).

ఢిల్లీలో మాత్రం బూట్లు వేసుకునేముందే ఏక్యూఐ (గాలి ఎంత పాడైందో చెప్పే సూచీ) చూడండి. 200 దాటితే హోటల్ ట్రెడ్‌మిల్లే గతి. ఇండియా గేట్ దగ్గర ఫోటో ఇంకోసారి దిగొచ్చు.

ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించినా, మంట కాక నొప్పి పట్టేసినట్టున్నా పరుగు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.