ఫ్లై (చేపకి ఎరగా గాలానికి ఈకలతో కట్టే ఉత్తుత్తి పురుగు) కట్టేటప్పుడు దారం తెగుతుంటే ముందు గొట్టం అంచు చూడండి
బ్రదర్, హ్యాంగర్ తీగకి మెటల్ రీఫిల్ ముక్క బిగించి బాబిన్ హోల్డర్ (దారం రీలుని పట్టుకుని గొట్టంలోంచి దారం వదిలే పనిముట్టు) చేసుకున్నారు, గాలానికి ఈక కట్టేలోపే దారం తెగుతోందన్నారు కదా, తప్పు దారానిది కాదు, కోసిన ఆ గొట్టం అంచుదే అయ్యుంటుంది. పుల్లకి కాస్త దూది చుట్టి అంచు లోపల తిప్పండి, పోగులు పట్టుకుంటే అక్కడ గరుకుందన్నమాట. లావు సూది మొన పెట్టి తిప్పుతూ నున్నగా చేయొచ్చు గానీ, నన్నడిగితే అది తీసేసి ఇయర్‌బడ్ ప్లాస్టిక్ గొట్టం పెట్టేయండి, లోపల బోలుగా ఉండాలి సుమా.

తీగ రీలుని మరీ గట్టిగా నొక్కినా తెగుతుంది. దారంతో వేలాడదీస్తే హోల్డర్ జారకూడదు, చేత్తో లాగితే మాత్రం దారం రావాలి, అంతవరకు తీగని వంచుకోండి.

చివరి ముడికి టూల్ కొనకండి. రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ మొన మీద దారం ఒక చుట్టు వేసి, ఆ రంధ్రాన్ని గాలం రింగుకి ఆనించి, చుట్టుని జార్చి బిగించండి. అలాంటివి మూడు నాలుగు వేసి చుక్క నెయిల్ పాలిష్ పెట్టండి, ఊడదు.