పొట్టి షాట్‌గన్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదా? హెచ్‌-1బీ మీద కొనొచ్చా?

డల్లాస్‌లో ఫ్రెండ్ ఇంట్లో పొట్టి షాట్‌గన్ చూశానన్నారు. బ్యారెల్ 18 అంగుళాల లోపుంటే రిజిస్టర్ చేయించాలి కదా, అతను అవసరం లేదంటున్నాడు, నిజమేనా అని అడిగారు.

నిజమే. మీరు చూసింది బహుశా మాస్‌బర్గ్ కంపెనీ చేసే షాక్‌వేవ్. గ్రీన్‌కార్డ్ వచ్చాక నేనూ ఒకటి కొన్నాను. ఆ రోజు నాకూ నమ్మకం కుదరలేదు. తుపాకుల కొట్టు యజమాని కౌంటర్ మీద టేపు పెట్టి చూపించాడు. బ్యారెల్ 14 అంగుళాల పైన కొంచెం. మొత్తం పొడవు 26 దాటి అర అంగుళం లోపు. తర్వాత వెనక ఉన్న వంకర పిడి మీద వేలు పెట్టి, ‘కిటుకంతా ఇక్కడే’ అన్నాడు.

ఫెడరల్ చట్టంలో షాట్‌గన్ అంటే భుజానికి ఆనించి పేల్చడానికి చేసినది. దీనికి భుజానికి ఆనించే బట్ ఫ్యాక్టరీలోనే పెట్టలేదు, అందుకని ఇది షాట్‌గన్ కాదు. షాట్‌గనే కానప్పుడు పొట్టి షాట్‌గన్ ఎలా అవుతుంది? 26 అంగుళాలు దాటింది కాబట్టి ఒంటిమీద దాచుకునే ఆయుధాల లెక్కలోకీ రాదు. తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో హ్యాండ్‌గన్ అనీ కాదు, లాంగ్‌గన్ అనీ కాదు, ‘ఇతర’ అని రాశారు. కాలిఫోర్నియా చట్టం మాత్రం భుజం సంగతి చూడదు. షాట్‌గన్ తూటా పేలిస్తే చాలంటుంది, అక్కడ ఇది దగ్గరుంటే నేరమే.

ఈ మెలికకు మూలం 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్. మొదటి ముసాయిదాలో పిస్టళ్లకూ రిజిస్ట్రేషన్ ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి జనం రైఫిళ్లు, షాట్‌గన్లు కోసి దాచుకోకుండా పొడవుకు హద్దు పెట్టారు. చివరికి పిస్టళ్లను తీసేశారు, హద్దు మిగిలిపోయింది. గోడ తీసేసి తలుపుకు గడియ పెట్టినట్టయింది.

అయినా ఆ గడియకు పదును ఉంది. మొన్న వేసవిలో మా బావమరిదిని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాను. ఐదు తూటాలకే మణికట్టు పట్టేసింది పాపం. వారం తిరక్కుండా ‘బావా, దీనికి బట్ తెప్పించా’ అంటూ డబ్బా పట్టుకొచ్చాడు. నాకు గుండె ఆగినంత పనైంది. బట్ బిగించిన క్షణం నుంచీ అది రిజిస్టర్ కాని పొట్టి షాట్‌గన్, పదేళ్ల దాకా ఫెడరల్ జైలు. ఆ డబ్బా వెంటనే వాపసు పంపించేశాం. బట్ కావాలంటే ముందు అనుమతి తీసుకోవడమే దారి. దానికి కట్టాల్సిన 200 డాలర్ల పన్నును 2026 జనవరి 1 నుంచి సున్నా చేశారు, రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు.

నిర్వచనం అంచు మీద నిలబడ్డ వస్తువుకు నిలకడ ఉండదు. పిస్టల్ వెనక తగిలించి ముంజేతికి ఊతంగా వాడే బ్రేస్‌లనే చూడండి. ఏళ్లపాటు అందరూ కొన్నాక, 2023లో వాటిలో చాలావాటిని పొట్టి రైఫిళ్ల కింద జమకట్టే నియమం తెచ్చారు. 2024లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఈలోపు ఉంచుకోవాలా విప్పేయాలా తెలియక మా రేంజ్‌లో వాళ్లు పడ్డ అవస్థ నేను చూశాను.

ఇక మీ సంగతి. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు ఏ తుపాకీ అయినా దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ని అడగండి. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచే పంపించేయొచ్చు. లాయర్‌ని అడిగేదాకా మీ ఫ్రెండ్ ‘ఓసారి పట్టుకుని చూడు’ అన్నా వద్దని చెప్పండి.