‘తీవ్ర మితవాది’ అనొచ్చా? (సందేహాలు – సమాధానాలు)

సందేహం: యూరప్ ఎన్నికల వార్తల్లో ‘తీవ్ర మితవాద పార్టీ’ అని చదివాను. మితంగా ఉండేవాళ్ళు తీవ్రంగా ఎలా ఉంటారండీ? కన్సర్వేటివ్ అనే మాటకి ఒకరు ఛాందసవాది అని, ఒకరు సంప్రదాయవాది అని, ఇంకొకరు మితవాది అని రాస్తున్నారు. ఏది కరెక్టు? అసలు వీళ్ళంతా ప్రజాస్వామ్యానికి వ్యతిరేకులేనా? — ఒక డిగ్రీ విద్యార్థి

సమాధానం: తీవ్ర మితవాది అంటే చల్లటి వేణ్ణీళ్ళు అన్నట్టే ఉంది, మీకు నవ్వొచ్చిందంటే భాష బాగానే ఒంటబట్టిందన్నమాట. అయితే మీ చివరి ప్రశ్నే అసలుది, దాని సంగతి తేలితే మాటలు వాటంతటవే తేలతాయి.

ముందు ఛాందసుణ్ణి పక్కన పెట్టేద్దాం. ఛందస్సు అంటే వేదం, అది చదువుకున్నవాడు ఛాందసుడు, గౌరవమైన మాటే, వాడుకలో అరిగి అరిగి చాదస్తం అయింది. ఇవాళ ఛాందసుడంటే ఏ చిన్న మార్పునీ ఒప్పుకోనివాడు అనే అర్థం. కన్సర్వేటివులు చాలామంది బ్రిటిష్ ఎంపీ ఎడ్మండ్ బర్క్‌ని మూలపురుషుడిగా చెప్పుకుంటారు కదా, ఆయన 1790లో ఫ్రెంచి విప్లవం మీద రాసిన పుస్తకంలోనే, మారే దారి లేని రాజ్యానికి నిలిచే దారీ లేదు అన్నాడు. ఇది చాదస్తం మాట కాదు. ఇండియాలో చేసిన అన్యాయాలకి మాజీ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌ని పార్లమెంటు బోనెక్కించింది కూడా ఈ బర్కే.

కానీ అదే బర్క్ అదే పుస్తకంలో, పరిపూర్ణ ప్రజాస్వామ్యమంత సిగ్గులేనిది లోకంలో లేదు అని కూడా రాశాడు. ఎందుకంటే అందరూ కలిసి తప్పు చేస్తే ఒక్కొక్కడి వాటాకి వచ్చే అప్రతిష్ఠ కాస్తే, అందుకని ఎవడికీ సిగ్గనిపించదు అని. క్షురకుడు, కొవ్వొత్తులు చేసేవాడు, ఇలాంటివాళ్ళని రాజ్యం పీడించకూడదు, కానీ వాళ్ళు రాజ్యమేలితే పీడన రాజ్యానికే అంటాడు. జనాన్ని పందుల మంద అన్న మాట కూడా అందులోదే, దానికి మండిపోయి లండన్లో థామస్ స్పెన్స్ అనే ఆయన తన పత్రికకి ‘పిగ్స్ మీట్’ అని, అంటే పందుల మేత అని పేరు పెట్టుకున్నాడు, తిట్టుని మెడలో హారంలా వేసుకోవడం అంటే అదీ!

సో, కన్సర్వేటివ్ ఆలోచన పాత ఆచారాల మీద మమకారంతో పుట్టింది కాదు, అలాంటి మమకారం ప్రతి కాలంలోనూ ఉండేదే. ఫ్రాన్స్ జనం 1789 విప్లవంలో మమ్మల్ని మేమే ఏలుకుంటాం అన్నప్పుడు, కుదరదు అని కారణాలతో సహా చెప్పాల్సి వచ్చింది, ఆ సమాధానమే ఈ ఆలోచన. ఇందులో బర్క్ ది మెత్తటి గొంతు, ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఉండే సవాయ్ ప్రాంతం నుంచి వచ్చిన జోసెఫ్ ద మేస్త్ర్ ది గట్టి గొంతు. ఈయన 1797లో, ఫ్రెంచివాళ్ళని చూశాను, ఇటాలియన్లని చూశాను, రష్యన్లని చూశాను, మనిషి అనేవాణ్ణి మాత్రం నా జన్మలో చూళ్ళేదు అన్నాడు. విప్లవంవాళ్ళు మనిషి హక్కులు అని రాసుకుంటే ఆ మనిషే లేడు పొమ్మని. మేస్త్ర్ కి ‘తిరోగమనవాది’ సరిపోతుంది, బర్క్ కి ‘సంప్రదాయవాది’ నయం.

ఇంగ్లండులో ఈ గొడవంతా చివరికి ఓటు దగ్గరికొచ్చి ఆగింది. ఓల్డ్ సేరం అని ఒక మట్టిదిబ్బ, మనుషులు కాపురమే లేరు, దానికి ఇద్దరు ఎంపీలు! మాంచెస్టర్ కి ఒక్కడు కూడా లేడు. ఆ దిబ్బని ఇండియా వ్యాపారం డబ్బుతో కొనుక్కున్న థామస్ పిట్ తర్వాత మద్రాసు గవర్నరై, మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన వజ్రాన్ని కొని ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు, అదిప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియం సొత్తు (దారి తప్పాను, కానీ తెలుగువాళ్ళకి చెప్పకుండా ఉండలేను). 1830లో టోరీల (రాజు, చర్చి, భూస్వాముల వైపు నిలిచే పార్టీ) ప్రధాని వెల్లింగ్టన్ ఇంతకంటే మంచి వ్యవస్థ ఉండబోదు అన్నాడు, రెండు వారాలకే ప్రభుత్వం పడిపోయింది. 1832లో ఓటు సంస్కరణ చట్టం వచ్చి ఓల్డ్ సేరం సీట్లు రద్దయ్యాయి. 1834కల్లా టోరీ నాయకుడు రాబర్ట్ పీల్, సరే అయ్యిందేదో అయ్యింది, దీన్ని తిరగదోడం అని మాటిచ్చాడు, టోరీలకి కన్సర్వేటివ్ అనే పేరు స్థిరపడింది కూడా ఆ రోజుల్లోనే. అంటే ప్రతి మెట్టునీ అడ్డుకోవడం, ఎక్కేశాక అదే మెట్టుకి కాపలా కాయడం. కాబట్టి అందరూ వ్యతిరేకులేనా అంటే, పుట్టుకలో అవును, ఇంగ్లండువాళ్ళు మెల్లగా సర్దుకున్నారు, మేస్త్ర్ దారివాళ్ళు సర్దుకోలేదు.

ఇక మితవాది. ఇది మనకి కాంగ్రెస్ నుంచి వచ్చిన మాట, 1907లో సూరత్ లో చీలినప్పుడు గోఖలే, ఫిరోజ్‌షా మెహతా వాళ్ళు మితవాదులు, తిలక్ వాళ్ళు అతివాదులు. అక్కడ తేడా పద్ధతిలో, అర్జీలు పెట్టుకుందామా ఆందోళన చేద్దామా అని. ఆ మితవాదుల పెద్దదిక్కు దాదాభాయి నౌరోజీ 1886లో లిబరల్ పార్టీ తరఫున బ్రిటిష్ పార్లమెంటుకి పోటీచేసి ఓడిపోతే, 1888లో కన్సర్వేటివ్ ప్రధాని సాలిస్‌బరీ, ఒక నల్లవాణ్ణి గెలిపించే స్థితికి మన నియోజకవర్గాలు ఇంకా రాలేదనుకుంటా అన్నాడు. నౌరోజీ 1892లో ఫిన్స్‌బరీ సెంట్రల్ లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత తేడాతో గెలిచి చూపించాడు. ఈ సాలిస్‌బరీయే 1867లో పట్నాల్లోని పనివాళ్ళకి ఓటు ఇస్తున్నారని అలిగి ఇండియా మంత్రి పదవికి రాజీనామా చేసినవాడు. ఇప్పుడు చెప్పండి, ఈ ఇద్దర్లో మితవాది ఎవరు? మన పేపర్ల లెక్కన సాలిస్‌బరీ!

ఇలా ఎందుకైందంటే నా ఊహ ఇది. విప్లవం నాటి ఫ్రెంచి సభలో రాజుకి వీటో, అంటే సభ చేసిన చట్టాన్ని ఆపే అధికారం, ఉండాలన్నవాళ్ళు అధ్యక్షుడికి కుడివైపు, వద్దన్నవాళ్ళు ఎడమవైపు చేరారు. ఎడమని మనం దర్జాగా వామపక్షం చేసుకున్నాం, కుడిని దక్షిణపక్షం అందామంటే చెన్నై పార్టీ ఏదో అనుకుంటారు. ఆ ఖాళీ కుర్చీలో మితవాది వచ్చి కూర్చున్నాడు.

నన్నడిగితే, బ్రిటన్ పార్టీని కన్సర్వేటివ్ పార్టీ అనే రాయండి, పేరుని అనువదించక్కర్లేదు. మీరు చదివిన వార్తలోదాన్ని ‘తీవ్ర కుడిపక్షం’ అనండి, రైటిస్టు అన్నా పర్లేదు, కోస్తాలోనూ తెలంగాణలోనూ పార్టీ మీటింగుల్లో ఆ మాట ఎప్పట్నుంచో ఉంది. పరీక్షలో మాత్రం గోఖలే గురించి అడిగితే మితవాది అనే రాయాలి, అక్కడ రైటిస్టు అని రాస్తే మార్కులు పోతాయి.