పదకొండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన ఒక తండ్రికి

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. బాబుకు రెండేళ్లున్నప్పుడు దుబాయి వెళ్లాను. వీసాకు చేసిన అప్పు తీరడానికే ఏళ్లు పట్టింది. రెండేళ్లకోసారి వచ్చి నెల రోజులు ఉండి వెళ్లేవాడిని. నిరుడు పూర్తిగా వచ్చేసి ఊళ్లోనే సెంట్రింగ్ పని చేసుకుంటున్నాను. బాబుకు ఇప్పుడు పద్నాలుగో ఏడు. నన్ను ‘బాపూ’ అని పిలవడు. ఏం కావాలన్నా మా తమ్ముడినే అడుగుతాడు. నేను గదిలోకి వస్తే లేచి వెళ్లిపోతాడు. గత నెల ఫోను పక్కన పెట్టమంటే వినలేదని చెంప మీద కొట్టాను. అప్పటి నుంచి ఒక్క మాట లేదు. ఎవరి కోసం ఇంత కష్టపడ్డానో వాడికే నేను అక్కర్లేదా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీవాడికి మీరు కావాలి. ఏమాత్రం పట్టని మనిషి గదిలోకి వస్తే పిల్లవాడు లేచి వెళ్లడు, తన పాటికి తాను కూర్చుంటాడు. మీరు వచ్చినప్పుడు వాడి లోపల ఏదో కదులుతోంది. దాన్ని ఏం చేసుకోవాలో వాడికి తెలియడం లేదు.

జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మనోవైద్యుడు, ఆయన సహచరులు తల్లిదండ్రుల నుంచి విడిపోయిన పసిపిల్లలను దగ్గరగా గమనించారు. బిడ్డ మొదట ఏడ్చి గోల చేస్తుంది. తర్వాత దిగులు పడుతుంది. చివరికి ఎవరు వచ్చినా, ఎవరు పోయినా ఒకటే అన్నట్లు ఉండిపోతుంది. అలాంటి బిడ్డ తల్లి తిరిగి వచ్చినా వెంటనే ఒళ్లోకి ఉరకదు, ముఖం తిప్పుకుంటుంది. మీవాడు అమ్మ దగ్గరే పెరిగాడు కాబట్టి వాడి కథ అంత కఠినమైనది కాదు. అయినా మీ విషయంలో వాడికి జరిగింది చూడండి. నెల రోజుల్లో మీకు అలవాటు పడేవాడు, అంతలోనే మీరు పెట్టె సర్దుకునేవారు. ఇలా మళ్లీ మళ్లీ జరిగింది. ఈసారి పూర్తిగా వచ్చేశానని మీకు తెలుసు. వాడికి ఇంకా నమ్మకం కుదరలేదు. ఒక ఏడాది దానికి చాలదు.

ఇక చెంపదెబ్బ. దీనికి మీరు క్షమాపణ చెప్పాలి, అదీ ఈ వారంలోనే. ‘ఆ రోజు నేను నిన్ను కొట్టడం తప్పు. ఇక కొట్టను.’ అంతే చెప్పండి. దాని వెనక ‘కానీ నువ్వు కూడా’ అని ఒక్క మాట చేర్చినా మొదటి మాట చెల్లకుండా పోతుంది. వాడు జవాబు ఇవ్వకపోతే నిలదీయకండి. కొడుకు ముందు తగ్గితే మర్యాద పోతుందని మన ఊళ్లలో చాలామంది తండ్రులు అనుకుంటారు, అది నిజం కాదు. అమెరికా పరిశోధకుడు ఎడ్వర్డ్ ట్రోనిక్ తల్లులను, శిశువులను ఎదురెదురుగా కూర్చోబెట్టి గమనిస్తే, చక్కగా కలిసిపోయిన జంటల్లోనూ మాటిమాటికీ లయ తప్పడం, మళ్లీ సర్దుకోవడం కనిపించాయి. ఇది పసివాళ్ల మీద చేసిన పని, నిజమే. కానీ చెడిన చోట సర్దుకోవడం వల్లనే నమ్మకం గట్టిపడుతుందని మా కౌన్సెలింగ్ వృత్తిలో రోజూ చూస్తుంటాం.

కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1957లో రాసిన ఒక వ్యాసంలో, మనిషి బాగుపడటానికి కావలసింది కౌన్సెలర్‌తో ఏర్పడే సంబంధంలోనే ఉందని వాదించారు. ఎదుటివారిని షరతులు లేకుండా ఆదరించాలి, వాళ్ల లోకాన్ని వాళ్ల కళ్లతో చూడాలి, నటించకూడదు. ఈ మూడింటినీ ఆయన గట్టిగా పట్టుకున్నారు. మేము గదిలో కూర్చుని చేసే పనికి ఆధారమైన ఈ సంగతులే మీ ఇంటి అరుగు మీదా పనికొస్తాయి. ‘నీ కోసం ఎండలో పని చేశాను, క్యాంపులో ఒకే గదిలో ఇంతమందిమి పడుకున్నాం’ అన్న మాటలు మీకు నిజాలు. పదమూడేళ్ల పిల్లవాడికి మాత్రం అవి తీర్చలేని అప్పులా వినిపిస్తాయి. అందుకే కొన్నాళ్లు మీ కష్టం గురించి చెప్పకండి, వాడి పదకొండేళ్ల గురించి అడగండి. మేడారం జాతరలో వాడి నిలువెత్తు బంగారం, అంటే వాడి బరువుకు సరిపడా బెల్లం, తూచి మొక్కు చెల్లించి ఉంటే, ఆ రోజు మీరు లేరు కదా, ఏం జరిగిందో చెప్పమనండి. బడిలో మిగతా పిల్లల తండ్రులు వచ్చినప్పుడు వాడికి ఎలా ఉండేదో అడగండి. ‘నువ్వు లేవుగా’ అని విసురుగా అంటే, ‘అవును, లేను. నీకు కోపం రావడం న్యాయమే’ అనండి. ఆ మాట వినడం మీకు కష్టమని నాకు తెలుసు. అయినా ఆ కోపం బయటికి రావడం మంచి గుర్తు.

ఈ వయసు మగపిల్లలు ఎదురుగా కూర్చుంటే నోరు విప్పరు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, సైకిలు బాగు చేస్తున్నప్పుడు మాట్లాడతారు. రోజుకు ఒక్క పని ఇద్దరూ కలిసి చేసేలా చూసుకోండి, బడికి దింపడమైనా సరే. ఆరింటికి వస్తానంటే ఆరింటికే రండి. మాట తప్పకుండా కనబడుతూ ఉండటమే ఇప్పుడు వాడికి కావలసిన ప్రేమ.

మీ తమ్ముడి సంగతి. బాబు చిన్నాన్న దగ్గరికి వెళ్తే అడ్డుపడకండి, వంకరగా ఒక్క మాట కూడా అనకండి. మీరు లేని రోజుల్లో తోడుగా నిలిచిన మనిషి ఆయన. ఆయన్ను కూడా పోగొట్టుకోవాల్సి వస్తే పిల్లవాడు మిమ్మల్ని అస్సలు క్షమించడు. మీ తమ్ముడికి ఒకసారి కృతజ్ఞత చెప్పండి, బాబు వింటుండగా చెబితే మరీ మంచిది. ‘బాపుతో మాట్లాడు’ అని వాడిని తరమడం మీ ఇంటావిడ కూడా మానాలి.

ఇన్ని చెబుతున్నాను కానీ, మీ మాట వినేవాళ్లు ఎవరున్నారు? అన్నేళ్లు పరాయి దేశంలో ఒంటరిగా గడిపి, వచ్చాక ఇంట్లోనూ ఒంటరిగా ఉన్నారు. నిద్ర పట్టకపోవడాన్ని చిన్నగా తీసుకోకండి. టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బాబు బడి మానేసినా, తిండి తగ్గినా, చచ్చిపోతానని ఒక్కసారి అన్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి. మీకు దగ్గర్లో కుదరకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

రెండు మూడు నెలలు ఇలా చేశాక మళ్లీ రాయండి. ఈసారి మీ ఇంటావిడను కూడా ఒక పేజీ రాయమనండి. ఆ పదకొండేళ్లు ఆమెకు ఎలా గడిచాయో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.