ఉపవాసం సంగతి తర్వాత, ముందు మీ ఆయనతో మాట్లాడు

తెనాలి వైపు నుంచి ఒక అమ్మాయి రాసింది, పేరు వద్దంది. వయసు 27, బాబుకి నాలుగేళ్ళు, పాపకి ఎనిమిదో నెల. అత్తామావలతో కలిసే ఉంటారు. ఆయనకి ప్రైవేట్ జాబ్, చర్చిలో యూత్ లీడర్, క్వైర్‌లో కీబోర్డ్ కూడా ఆయనే వాయిస్తాడు. పెళ్ళికి ముందు ఈ అమ్మాయి సండే స్కూల్ టీచర్, వేసవిలో వీబీఎస్ (పిల్లలకి సెలవుల్లో పెట్టే బైబిల్ తరగతులు) మొదలైందంటే ఇంటికి భోజనానికి కూడా వచ్చేది కాదట. ఇప్పుడు చూస్తే పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకోలేకపోతోంది, రాత్రి కుటుంబ ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉండగానే నిద్రపోతోంది, నెల రోజులుగా బైబిల్ తెరవలేదు. పాపకి మాటిమాటికీ జలుబు, జ్వరం. "నీ భక్తి చల్లారిపోయింది, అందుకే పిల్లకి ఇలా అవుతోంది" అని అత్తయ్యగారు అంటున్నారట, ఈస్టర్ ముందు వచ్చే ఈ శ్రమకాలం 40 రోజులూ ఒంటిపూట ఉపవాసం ఉంటే అన్నీ సర్దుకుంటాయని కూడా అన్నారట. అమ్మాయి అడిగింది ఇదీ: "మేడమ్, పాలిచ్చే తల్లిని, ఉపవాసం ఉండొచ్చా? ఉండకపోతే దేవుడికి కోపం వస్తుందా? మళ్ళీ మునుపటిలా భక్తిలోకి ఎలా రావాలి?"

ఉండొద్దమ్మా. పాపం కాదు, కోపం రాదు, ఆ ప్రశ్న ఇక్కడితో వదిలెయ్. పాలిచ్చే తల్లికి మామూలు తిండి కన్నా రోజుకి 500 కేలరీల పైనే ఎక్కువ కావాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే చెప్తారు, నువ్వేమో రెండు పూటలు మానేసి 40 రోజులు ఉంటానంటున్నావు. కళ్ళు తిరుగుతున్నాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, జుట్టు దువ్వెన నిండా వస్తోంది అని నువ్వే రాశావు, కాన్పయ్యాక ఐరన్ మాత్రలు ఎన్నాళ్ళు వేసుకున్నావో మాత్రం రాయలేదు. ఆరు నెలలు వేసుకోవాలి అవి. నెల తిరక్కుండానే మానేసి ఉంటావు, చాలామంది అంతే చేస్తారు, మలబద్ధకం అనో మరొకటనో. ఈ వారంలోనే వెళ్ళి హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించుకో, పీహెచ్‌సీలో అయితే ఊరికే చేస్తారు.

పాప జ్వరాల గురించి కూడా ఒక మాట చెప్పేస్తా, నీ మనసులో ఆ భయం ఒక్కరోజు కూడా ఉండకూడదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి బిడ్డకి వచ్చిన రక్షణ ఆరు నెలలు దాటేసరికి చాలావరకు తగ్గిపోతుంది, బిడ్డ ఒంటికి సొంత బలం అప్పుడప్పుడే వస్తుంటుంది. ఇంట్లో నాలుగేళ్ళ అన్నయ్య ఉన్నాడు, రోజూ ప్లే స్కూల్‌కి వెళ్ళి అక్కడి జలుబంతా తెచ్చి చెల్లికి ముద్దులు పెడతాడు. ఇలాంటి పిల్లలకి ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు, జ్వరం రావడం మామూలే అని ఏ పిల్లల డాక్టరైనా చెప్తారు. తల్లి ఎంతసేపు ప్రార్థన చేసిందన్నదానికీ దీనికీ సంబంధం లేదు. పాలిచ్చే దానివి, నీ ఒంట్లో నుంచి ఆ పిల్లకి రక్షణ ఇస్తూనే ఉన్నావు, నిన్ను పట్టుకుని అంత మాట అనడం నాకైతే బాధగా ఉంది.

అయినా ఉపవాసాలంటే ఉపవాసాలు, గుడికి వెళ్ళడమంటే వెళ్ళడం అనేవాళ్ళకి బైబిల్లోని హన్నాని గుర్తుచెయ్యాలి. సండే స్కూల్‌లో ఈ కథ పిల్లలకి ఎన్నిసార్లు చెప్పి ఉంటావో, కానీ ఒక్క సంగతి మనం ఎప్పుడూ గబగబా దాటేస్తాం. పిల్లల కోసం అంత ఏడ్చి మొక్కుకున్న మనిషి, సమూయేలు పుట్టాక ఏడాదికోసారి దేవుని మందిరం ఉన్న షిలోహుకి వెళ్ళే యాత్రకి వెళ్ళలేదు. బిడ్డ పాలు మానేదాకా రానంది. ఇంట్లో అందరూ వెళ్ళారు, ఆవిడ బిడ్డతో ఉండిపోయింది. అప్పుడు ఆవిడ భర్త ఎల్కానా ఏమన్నాడు? నీ భక్తి తగ్గిపోయింది అన్నాడా? నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి అన్నాడు. మొదటి సమూయేలు మొదటి అధ్యాయంలోనే ఉంది, తీసి చూడు. మీ ఆయనకి కూడా చూపించు, ఆయనకే ముందు చూపించు.

ఎందుకంటే నాకు నీ ఉత్తరంలో కనపడిన సమస్య నీ భక్తి కాదు, మీ అత్తయ్యగారు కూడా కాదు. ఆవిడ అన్న మాటలు నువ్వు వరసగా రాసుకుంటూ వచ్చావు, పొద్దున ఏమన్నారు, చుట్టాల ముందు ఏమన్నారు, చర్చి మెట్ల మీద ఎవరితో ఏమన్నారు, అంతా. మీ ఆయన గురించి రాసింది "మా వారు చాలా మంచివారు మేడమ్, దేవుని పనిలో బిజీగా ఉంటారు" అని ఒక్క ముక్క. తర్వాత మధ్యలో, ఏదో చిన్న విషయం అన్నట్టు, పోయిన నెల ఆల్ నైట్ ప్రేయర్ సంగతి రాసి దాటేశావు. నేను దాటలేకపోయాను తల్లీ, అక్కడే ఆగిపోయాను.

నువ్వు రాసింది చదివేవాళ్ళకోసం మళ్ళీ చెప్తున్నా. ఆ శుక్రవారం రాత్రి పాపకి 103 జ్వరం. సిరప్ పోస్తే కక్కేసింది. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే బాబు నిద్రలేచి ఏడుపు, వాడిని ఒక కాలి మీద పడుకోబెట్టి పాపని భుజాన వేసుకుని కూర్చున్నావు. ఆయనకి ఫోన్ మీద ఫోన్ చేశావు, సైలెంట్‌లో ఉంది. వెళ్ళేముందే ఆయనకి తెలుసు పాప ఒళ్ళు కాలిపోతోందని, "ప్రార్థనలో పెడతాలే" అని వెళ్ళిపోయాడు. రెండింటికి మీ మావయ్యగారు లేచి, బాబుని అత్తయ్యగారికి అప్పచెప్పి, ఆటో మాట్లాడి నిన్నూ పాపనీ పిల్లల ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఆయన వచ్చి పడుకున్నాడు. ఆదివారం ఆరాధనలో మైక్ పట్టుకుని సాక్ష్యం చెప్పాడు, బిడ్డకి అంత జ్వరమున్నా నేను దేవుని సన్నిధి వదలలేదు, దేవుడు నా ప్రార్థన విని నా బిడ్డని ముట్టి బాగుచేశాడు అని. సంఘమంతా హల్లెలూయ. నువ్వు వెనక వరసలో పాపని జోకొడుతూ కూర్చున్నావు. "నేను కూడా ఆమేన్ అన్నాను మేడమ్" అని రాశావు.

ఆ వాక్యం చదివి నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నా.

ఇప్పుడు నువ్వే లెక్క చూసుకో. ఆ ఆదివారం పోయిన నెల. బైబిల్ తెరవక ఎన్నాళ్ళైంది? నెల. మోకాళ్ళ మీద నిద్రపోవడం అలసట వల్ల, అది వేరే, అది పాప పుట్టినప్పటి నుంచీ ఉంది. కానీ బైబిల్ ముట్టుకోబుద్ధి కాకపోవడం, పాట మొదలెడితే గొంతు పెగలకపోవడం, ఇవి ఆ రోజు నుంచే మొదలయ్యాయి. నీ భక్తి చల్లారలేదమ్మా, నీ మనసు విరిగింది. దేవుడి మీద కాదు, మీ ఆయన మీద. కానీ ఆయన దేవుడి పనిలో ఉన్నాడు కాబట్టి ఆయన మీద కోపం వస్తే దేవుడి మీద వచ్చినట్టే అనుకుని ఆ కోపాన్ని మింగేశావు, మింగితే అది ఎక్కడికి పోతుంది, ఇదిగో ఇలా బైటికొచ్చింది.

నీ బిడ్డని దేవుడు బాగుచెయ్యలేదని నేను అనట్లేదు. బాగుచేశాడు, కచ్చితంగా. నీ చేతులతో చేశాడు, మీ మావయ్యగారి కాళ్ళతో, ఆ ఆటో అబ్బాయితో, డ్యూటీలో మేలుకుని ఉన్న ఆ డాక్టరుతో చేశాడు. సాక్ష్యంలో వీళ్ళందరూ ఉండాలి. ఒక్కరూ లేరు, నువ్వు కూడా లేవు. రాత్రంతా మేలుకున్న తల్లిని పక్కన పెట్టి తన త్యాగం గురించి చెప్పుకున్నాడు ఆయన, అది దేవుడికి మహిమ అని నేను ఒప్పుకోను, ఎవరేమనుకున్నా సరే. తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో తన ఇంటివాళ్ళని చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని పౌలు ఎంత మాటన్నాడో యూత్ మీటింగుల్లో వాక్యం చెప్పే మనిషికి నేను చెప్పక్కర్లేదు.

మీ ఆయన చెడ్డవాడని కూడా నేననుకోవట్లేదు. తాగడు, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు, బాబుని భుజాల మీద తిప్పుతాడు అని రాశావుగా. సంఘంలో నలుగురూ మెచ్చుకుంటారు, ఇంట్లో పాప డైపర్ మారిస్తే మెచ్చుకునేవాళ్ళు ఎవరూ ఉండరు, కుర్రాడు మెచ్చుకోలు ఉన్నవైపు వెళ్తున్నాడు. బుధవారం ఇళ్ళల్లో పెట్టే కాటేజ్ ప్రేయర్, శుక్రవారం ఉపవాస కూడిక, శనివారం క్వైర్ ప్రాక్టీస్, ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చర్చి. మిగతా మూడు రోజులు ఆఫీసు నుంచి వచ్చేసరికే తొమ్మిది. ఈ ఇంట్లో తండ్రి ఎప్పుడుంటాడు మరి?

కాబట్టి మాట్లాడు. ఆయన బైక్ తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో ఉన్నప్పుడు కాదు, అప్పుడు మాట్లాడితే దేవుని పనికి అడ్డుపడ్డావంటాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు పడుకున్నప్పుడు కూర్చోబెట్టు. అత్తయ్యగారి ఊసెత్తకు, ఎత్తావంటే మాట అటు మళ్ళిపోతుంది, ఆయన వాళ్ళమ్మని వెనకేసుకొస్తాడు, నీ మాట అక్కడే ఉండిపోతుంది. ఆ రాత్రి గురించే చెప్పు. ఎన్నింటికి ఏం జరిగిందో, సిరప్ ఎలా కక్కేసిందో, బాబు ఎలా ఏడ్చాడో, ఫోన్ ఎత్తకపోతే నీకేమనిపించిందో, అంతా వరసగా చెప్పు, ఆయనకి అది తెలియదు, ఎవరూ చెప్పలేదు. తర్వాత "మీరు సాక్ష్యం చెప్పినప్పుడు అందులో నేను లేను" అను. ఏడుపొస్తే ఏడువు. సారీ మాత్రం చెప్పకు.

ఆ తర్వాత అడగాల్సినవి అడుగు. పాపకి ఏడాది నిండేదాకా ఆల్ నైట్ ప్రేయర్లు వద్దు. బుధవారం, శనివారం, ఈ రెండిట్లో ఒకటి ఇంటికి వదలాలి, ఏది వదలాలో ఆయన్నే తేల్చుకోమను. ఫోన్ సైలెంట్‌లో పెట్టినా నీ నంబర్ మోగేలా పెట్టుకోవాలి. ప్రార్థన కోసం భార్యాభర్తలు కొన్నాళ్ళు దూరంగా ఉండాలన్నా ఇద్దరికీ సమ్మతి ఉండాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో ఉంది, నీ సమ్మతి ఎప్పుడైనా అడిగాడా అని అడుగు, పోట్లాటగా కాదు, మామూలుగానే అడుగు. రాత్రి కుటుంబ ప్రార్థన ఆయనే నడిపిస్తాడు కదా, పాపని ఒళ్ళో పెట్టుకుని నడిపించమను, అప్పుడు అది పది నిమిషాల్లో అయిపోతుంది, నీకు మోకాళ్ళ మీద నిద్రపోయే బాధా తప్పుతుంది.

ఇంకొకటి, నా మట్టుకు నేనైతే ఆ సాక్ష్యం సంగతి వదలను. అదే మైక్ దగ్గర, ఆ రాత్రి నా భార్య, మా నాన్న బిడ్డని ఆస్పత్రికి తీసుకెళ్ళారు అని ఆయన చెప్పాలి. నీకు అంత అక్కర్లేదనిపిస్తే సరే, కానీ ఆయన పరువు పోతుందన్న భయంతో మాత్రం మానుకోకు. పోదు. ఆ చర్చిలో వెనక వరసలో పిల్లల్ని జోకొడుతూ కూర్చునే ఆడపిల్లలు ఇంకా ఎంతమంది ఉన్నారో, వాళ్ళందరూ ఆ రోజు తలెత్తి చూస్తారు.

మీ అత్తయ్యగారికి నువ్వు జవాబు చెప్పొద్దు. ఉపవాసం విషయంలో "పాలిచ్చే తల్లి కదమ్మా, తను ఉండట్లేదు, నేనే వద్దన్నాను" అని ఆవిడ కొడుకు చెప్పాలి. కొడుకు చెప్తే ఒక్కరోజులో ముగిసిపోతుంది, కోడలు చెప్తే క్రిస్మస్ దాకా నడుస్తుంది. మీ మావయ్యగారి దగ్గరికి మాత్రం వెళ్ళి ఆ రాత్రి మీరు లేకపోతే ఏమయ్యేదో మావయ్యా అని ఒక్కమాట అను, ఆ ఇంట్లో నీ వైపు నిలబడ్డ మనిషి ఆయన.

భక్తిలోకి మళ్ళీ ఎలా రావాలి అన్నావు. తినడం, నిద్రపోవడం ముందు. ఏలీయా బదరీ చెట్టు కింద పడి ఇక నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నప్పుడు దేవదూత వచ్చి లేచి ప్రార్థన చెయ్యి అనలేదు, లేచి తిను అన్నాడు, తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు, ఇంకోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. అంత పెద్ద ప్రవక్తకే రెండుసార్లు తిండి, నిద్ర పెట్టాక గానీ దేవుడు మాట్లాడలేదు, నీకు ఎనిమిది నెలల నుంచి నాలుగు గంటల నిద్ర ఏకబిగిన లేదు. పాపకి పాలిస్తూ ఒక కీర్తన కూనిరాగం తీస్తే చాలు ప్రస్తుతానికి, అదీ రాకపోతే ఊరుకో. కారణం లేకుండా ఏడుపొస్తోంది, పాపని ఎత్తుకోబుద్ధి కావట్లేదు ఒక్కోసారి అని కూడా చివర్లో రాశావు, దాన్ని అలసట అనుకుని తోసెయ్యకు. రెండు వారాలకి మించి రోజూ అలా ఉంటే డాక్టరుకి చెప్పాల్సిందే, కాన్పు తర్వాత చాలామందికి వస్తుంది, మందులున్నాయి, తగ్గుతుంది. వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే మనసు బాగోలేనివాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, గవర్నమెంటుది, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఆయన మొదట కోప్పడొచ్చు, అలిగి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, కంగారుపడకు. అన్నమాట వెనక్కి తీసుకోకు. అప్పటికీ వినకపోతే మావయ్యగారిని కూర్చోబెట్టి మాట్లాడించు. అది కూడా కాకపోతే పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్ళండి, కానీ ఇద్దరూ కలిసే వెళ్ళాలి, నువ్వొక్కదానివే వెళ్ళొద్దు. ఒక్కదానివే వెళ్తే ఆవిడ నీ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపించేస్తుంది, మాట్లాడాల్సింది ఆయనతో.