ఎలక్ట్రిక్ కారులో ఏసీ వేసుకుని రాత్రంతా పడుకోవచ్చా?

సంక్రాంతికి భార్యాబిడ్డలతో కోనసీమ వస్తున్నామని, లాడ్జీల్లో గదులు దొరకడం లేదని, ఒకటి రెండు రాత్రులు ఎలక్ట్రిక్ కారులోనే పడుకుంటే తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ అయిపోతుందా అని మీరు అడిగారు. ఏసీ వేసుకుని కారులో నిద్రపోయినవారు ప్రాణాలు కోల్పోయారన్న వార్తలు ఎలక్ట్రిక్ కారుకు కూడా వర్తిస్తాయా అన్నది మీ రెండో సందేహం. నిశ్చింతగా పడుకోవచ్చు. పండుగలకు, తీర్థాలకు, వేసవి సెలవులకు ఈ ప్రాంతంలో తిరుగుతూ నేను కొన్నేళ్లుగా మా ఎలక్ట్రిక్ కారులో నిద్రిస్తున్నాను. బ్యాటరీ విషయంలో అందరూ పడే భయం అవసరానికి మించినదని, గోదావరి పాయల మధ్య ఉన్న ఈ నేల మీద అసలు శ్రద్ధ పెట్టవలసినవి గాలి, తేమ, బండి నిలిపే చోటు అని నాకు తెలిసివచ్చింది.

ముందుగా ప్రాణభయం సంగతి. పెట్రోలు, డీజిల్ కార్లలో ఏసీ నడవాలంటే ఇంజిన్ తిరగాలి, ఇంజిన్ తిరిగితే పొగ వస్తుంది, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, నిద్రలో ఉన్న మనిషికి ప్రమాదం తెలిసే అవకాశమే ఉండదు. పూర్తి ఎలక్ట్రిక్ కారులో కాల్చే ఇంధనమే లేదు కనుక ఆ పొగ పుట్టదు. పెట్రోలు ఇంజిన్, బ్యాటరీ రెండూ ఉండే హైబ్రిడ్ కారుకు మాత్రం ఈ మాట వర్తించదు, ఎందుకంటే బ్యాటరీ తగ్గగానే దానిలోని ఇంజిన్ తనంతట తానే మొదలవుతుంది. దోమలను తరిమే కాయిల్ కారులో వెలిగించడం కూడా మానుకోండి. ఆ పొగలోనూ కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, పైగా పరుపు పక్కన నిప్పు పెట్టుకుని నిద్రపోవడం ఏ కారులోనైనా తగని పని.

బ్యాటరీ లెక్క చాలా సులువు. కారు బ్యాటరీని కొలిచే కిలోవాట్ అవర్, మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్, రెండూ ఒకటే. మా కారు బ్యాటరీ 40.5 యూనిట్లది. మే నెలలో, అర్ధరాత్రి దాటినా ఒళ్లు జిడ్డుగా ఉండే ఉక్కపోతలో, ఏసీని 26 డిగ్రీల దగ్గర ఉంచి ఫ్యాను తక్కువలో పెడితే గంటకు ముప్పావు యూనిట్ చుట్టుపక్కల ఖర్చవుతోంది. ఎనిమిది గంటల నిద్రకు అది ఆరు యూనిట్లు, అంటే మా బ్యాటరీలో సుమారు 15 శాతం, లేదా 35 నుంచి 40 కిలోమీటర్ల ప్రయాణానికి సమానం. సంక్రాంతి రోజుల్లో రాత్రి చల్లగానే ఉంటుంది కాబట్టి కంప్రెసర్ అక్కరలేదు. ఫ్యాను, కారులోని కంప్యూటర్లు కలిసి గంటకు పావు యూనిట్ మాత్రమే తీసుకుంటాయి. టియాగో ఈవీలో 19.2 యూనిట్ల చిన్న బ్యాటరీ ఉన్న రకంలో అదే వేసవి రాత్రి దాదాపు మూడో వంతు తినేస్తుంది, బీవైడీ అట్టో 3 కారులోని 60.48 యూనిట్ల బ్యాటరీకి అది పదో వంతే. రాత్రి పడుకునేముందు 50 శాతం ఉండేలా చూసుకుంటే చిన్న బ్యాటరీ ఉన్నవారు కూడా మర్నాడు ఛార్జింగ్ కేంద్రానికి హాయిగా చేరుకోగలరు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని జాగ్రత్తగా గమనించండి. ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీతోపాటు, మామూలు కార్లలో ఉన్నట్టే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. తలుపు తాళాలు, లైట్లు, తెర, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్‌లు అన్నీ దాని మీదే పనిచేస్తాయి. బ్రేకు తొక్కి బటన్ నొక్కితే కారు కదలడానికి సిద్ధమయ్యే "రెడీ" స్థితిలో ఉన్నంతసేపూ పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని నింపుతూ ఉంటుంది. బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కి, లైట్లు, ఫ్యాను మాత్రమే వచ్చే స్థితిలో కారును రాత్రంతా వదిలేస్తే చిన్న బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు పెద్ద బ్యాటరీలో 80 శాతం ఉన్నా కారు కదలదు. కాబట్టి రెడీ స్థితిలోనే ఉంచి, గేరును పార్కింగ్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు కూడా వేసి, లైట్ల మీటను ఆటో నుంచి ఆఫ్‌కు మార్చి పడుకోవాలి. టెస్లా కార్లలో ఇందుకోసమే క్యాంప్ మోడ్ ఉంది. మన దగ్గర అమ్ముడవుతున్న కొన్ని కార్లు మాత్రం డ్రైవరు సీటులో ఎవరూ లేరని గ్రహించగానే, లేదా కొంతసేపటి తరువాత, తమంతట తామే ఆగిపోతాయి. మీ కారు ఏ రకానిదో బయలుదేరేముందు ఇంటి ముంగిట్లోనే ఒక రాత్రి పడుకుని తేల్చుకోండి. పసిబిడ్డ ఉన్నప్పుడు ఇది మరీ అవసరం, ఎందుకంటే అద్దాలన్నీ మూసి ఉండగా అర్ధరాత్రి ఏసీ ఆగిపోతే లోపల వేడి, ఉక్క త్వరగానే పెరుగుతాయి.

గాలి విషయం నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. పొగ లేకపోయినా మన ఊపిరి ఉంది. నిద్రలో ఉన్న పెద్ద మనిషి గంటకు పది లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. కారు లోపలి చోటు సుమారు 3000 లీటర్లే. లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి, అద్దాలన్నీ బిగించి ఇద్దరు పడుకుంటే, బయటి గాలిలో 0.04 శాతం చొప్పున ఉండే ఆ వాయువు గంట గడిచేసరికి దానికి పది రెట్లు దాటగలదు. కారు పూర్తిగా గాలి చొరబడనిది కాదు కాబట్టి అది అలాగే పెరుగుతూ పోదు గానీ, తెల్లవారి తల బరువుగా ఉండడానికి, నిద్ర తీరనట్టు అనిపించడానికి ఆ మాత్రం చాలు. నేను బయటి గాలిని తీసుకునే పద్ధతిలోనే ఏసీ ఉంచుతాను. మన తడిగాలిని ఆరబెట్టడానికి ఏసీ కొంచెం ఎక్కువ కష్టపడుతుంది, ఆ కాస్త కరెంటుకు వెనుకాడకండి. చలికాలంలో వెనుక తలుపుల అద్దాలు రెండువేళ్ల మేర దించి, పాత దోమతెరను తలుపు పైభాగానికి సంచిలా కుట్టించి తొడిగితే గాలి ఆడుతుంది, దోమ రాదు. కాలువలు, చేపల చెరువులు, చేలు ఉన్న చోట ఆ తెర లేకుండా అద్దం దించి నిద్రపోగలరని నేను అనుకోను.

తేమ రెండు కాలాల్లో రెండు విధాలుగా కనిపిస్తుంది. వేసవిలో లోపల చల్లగా, బయట తడిగా ఉండడం వల్ల అద్దాల బయటివైపు చెమ్మ పట్టి, తెల్లవారేసరికి కారు చుట్టూ పలచని తెల్లటి గుడ్డ కట్టినట్టు ఉంటుంది. బండి కింద ఏసీ నీళ్లు మడుగు కడతాయి. రెండూ మామూలే, భయపడనక్కరలేదు. జనవరిలో ఇందుకు తారుమారుగా, అద్దాలు మూసుకుంటే మన ఊపిరిలోని తేమే అద్దాల లోపలివైపు నీరుగా దిగి దుప్పట్లను తడిపేస్తుంది. అలాంటప్పుడు తెల్లవారుజామున పది నిమిషాలు ఏసీ వేసి, గాలిని ముందు అద్దం మీదికి మళ్లిస్తే తేటపడుతుంది.

ఇక చోటు. ఇక్కడ బండి నీడన పెట్టాలనుకుంటే కనిపించేది కొబ్బరిచెట్టే. దాని కింద మాత్రం పెట్టకండి. ముదిరిన కాయ పడినా, ఎండిన మట్ట పడినా ముందు అద్దం పగులుతుంది. రాత్రిపూట గాలి తిరిగినప్పుడు అవి రాలుతూనే ఉంటాయి. కాలువ గట్టు రోడ్లు ఇరుకు, చాలాచోట్ల పక్కన గోడ ఉండదు, అంచు మన్ను మెత్తగా ఉంటుంది. బ్యాటరీ బరువుతో కలిపి టన్నున్నర దాకా తూగే బండిని చీకట్లో ఆ అంచుకు తీయడం ప్రమాదం. అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు చూడముచ్చటగా ఉంటుందని ఇసుకలోకి దించవద్దు. చక్రం కూరుకుపోతే, పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు బండి కిందికి చేరుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో వస్తే ఏటిగట్టుకు లోపల, లంకల వైపు రాత్రి బస చేయకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు, ఆ నీరు కొన్ని గంటల్లో కింది లంకలకు చేరుతుంది. గుడి దగ్గరి పార్కింగ్ స్థలం, రాత్రంతా తెరిచి ఉండే పెట్రోలు బంకు, తెలిసినవారి వాకిలి, ఈ మూడింటిలో ఏది దొరికినా మంచిదే. అక్కడి వారిని ముందే అడిగి పెట్టుకుంటే ఎవరూ కాదనరు, రాత్రి గస్తీ పోలీసులు అద్దం తట్టినా చెప్పుకోవడానికి మాట ఉంటుంది. మీరు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేటట్టయితే, ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే అలంకరించిన పెద్ద చట్రాలు, వచ్చే దారులన్నీ జనంతో నిండిపోతాయి కాబట్టి ముందు రాత్రే అంబాజీపేట వైపు ఎవరి వాకిట్లోనైనా బండి నిలిపి, అక్కడి నుంచి నడిచి వెళ్లండి.

పడక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వెనుక సీట్లు మడిచి, ముందు సీట్లను పూర్తిగా ముందుకు జరిపి, మధ్యలో వచ్చే పల్లాన్ని బట్టల సంచులతో నింపి, పైన బొంత పరిస్తే ఇద్దరు పెద్దవారికి, ఒక బిడ్డకు ఇరుకుగానైనా సరిపోతుంది. నేల వాలుగా ఉంటే తల ఎత్తువైపు ఉండేలా చూసుకోండి.

చివరగా ఛార్జింగ్. బంధువుల ఇంటి ముందు పెట్టుకుంటే రాత్రంతా ప్లగ్గు తగిలించవచ్చు. అయితే ఫ్యానుకు వాడే చిన్న సాకెట్టు పనికిరాదు, ఏసీకో మోటారుకో పెట్టిన 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. కారుతో ఇచ్చే ఛార్జర్‌కు ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎర్రలైటు వెలిగి ఆగిపోతుంది. మన తీరప్రాంతపు ఇసుక నేలల్లో పాత ఇళ్ల ఎర్తింగ్ గుంతలు ఎండిపోవడం మామూలు. అంబాజీపేట దగ్గర మా మావయ్యగారింట్లో ఇలాగే జరిగితే, గుంతలో రెండు బిందెల నీళ్లు పోయించాక లైటు పచ్చగా మారింది. ఆ తరువాత ఆయన వాకిట్లోకి వచ్చి "ఏరా, బండి ఆపేశావా? చప్పుడే లేదేంటి?" అని అడిగారు, "నడుస్తూనే ఉంది మావయ్యా, ఏసీ కూడా వేసే ఉంది" అంటే నమ్మక, బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశారు. ఛార్జింగ్ మొదలుపెట్టిన అరగంటకు ప్లగ్గును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే తీసేయాలి. వాకిలి దాటించడానికి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వాడవద్దు, తప్పదంటే 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగను చుట్ట విప్పి నేలమీద పరిచి వాడండి. కొన్ని కార్లు ఛార్జింగ్ అవుతుండగా రెడీ స్థితికి రావు, అలాంటివాటిలో ఏసీ ఫోన్ యాప్ నుంచి కొద్దిసేపే నడుస్తుంది. మీది అలాంటిదైతే సాయంత్రం నుంచి పడుకునే వేళ దాకా ఛార్జింగ్ పెట్టి, ఆపైన ప్లగ్గు తీసి, బ్యాటరీ మీదే నిద్రపోండి. గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కినా, ఆ మూడు నాలుగు గంటల్లో రాత్రికి కావలసిన దానికన్నా ఎక్కువే చేరుతుంది.