తొర్ర పడిన చెట్టు బతుకుతుంది, బెరడు వలిచిన చెట్టు ఎందుకు చనిపోతుంది?

మీ ప్రశ్నకు జవాబు నేను మూడేళ్ల కిందట మా ఇంటి ముందే చూశాను.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధిలో ఒక కానుగ చెట్టు ఉంది. ఇక్కడివాళ్లు హొంగె అంటారు. జూన్‌లో ఒక ఉదయం పాలకు వెళ్తూ చూస్తే, మోకాలెత్తున జానెడు వెడల్పు బెరడును చుట్టూరా వలిచేసి ఉంది. లోపలి కర్ర తెల్లగా, తడిగా, చేతికి జారుతోంది. ఎవరు చేశారో తెలియదు. ఆ కొమ్మలు ఒక దుకాణం బోర్డుకు అడ్డమని మాత్రం వీధిలో అందరికీ తెలుసు.

నెల గడిచినా ఆకు వాడలేదు. "ఏమీ కాదులెండి, పచ్చగానే ఉంది కదా" అన్నారు పక్కింటాయన. నేనూ నమ్మాను. దారువు, అంటే లోపలి కర్ర, నీటిని పైకి, పోషక కణజాలం, అంటే పట్టలోని పొర, ఆహారాన్ని కిందికి తీసుకెళ్తాయని బడిలో చదివాం. అది రెండు మార్కుల జవాబు, అంతే. ఒక కొమ్మ తెచ్చి పట్ట ఒలిచి, ఇదిగో ఇది నీటి దారి, ఇది చక్కెర దారి అని ఎవరూ చూపించలేదు. గోగునార తీసే ఇళ్లలో పుట్టిన పిల్లలకైనా, ఆ నార ఉండేది పట్టలోనేనని, ఆకు తయారుచేసిన చక్కెర దిగేది దాని పక్కనుంచేనని చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

జులైలో రైల్వే కోడూరు నుంచి మా చిన్నాన్న వచ్చారు. మామిడి అంట్లు కట్టడం ఆయన పని. గాయం పై అంచున బెరడు పెదవిలా ఉబ్బి ఉంటే, బొటనవేలితో తడిమారు.

"ఆకు చూసి మోసపోకమ్మా. నీళ్లు కర్రలోంచి ఎక్కుతున్నాయి గనుక పచ్చగా ఉంది. పైనుంచి తిండి దిగడం లేదు. వేరు దాచుకున్నది తింటోంది. అది అయిపోతే వేరు పోతుంది, తరువాత ఆకు."

ఆ ఉబ్బు దారిలో ఆగిపోయిన చక్కెర వల్లే. ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ 17వ శతాబ్దంలోనే కొమ్మల బెరడు ఇలా వలిచి దీన్ని గమనించాడు.

తొర్రలో పోయేది చేవ. చేవ అంటే మాను నడిమధ్య ఉండే చనిపోయిన కర్ర, అది నీళ్లు మోయదు. మోసేది దాని చుట్టూ ఉన్న లేత కర్ర. అందుకే తొర్ర పడిన చింత కూడా కాపు కాస్తుంది. పట్టకూ కర్రకూ మధ్య పలుచని జిగురు పొర ఉంటుంది, అదే విభాజ్య కణావళి. లోపలికి కొత్త కర్ర, బయటికి కొత్త పట్ట పుట్టేది దాన్నుంచే. చుట్టూ వలిస్తే అదీ పోతుంది. కొబ్బరికి అలాంటి పొర లేదు. నాళాలు మానంతటా చెదిరి ఉంటాయి. అందుకే ఎక్కడానికి మెట్లు కొట్టినా చెట్టు చావదు, కానీ ఆ గాట్లు ఎప్పటికీ పూడవు.

చిన్నాన్న అదే చెట్టు నుంచి పెన్సిలంత లావు రెమ్మలు అయిదు కోశారు. కొసలు ఏటవాలుగా చెక్కి, ఒక కొసను గాయం కింది బెరడులోకి, రెండోదాన్ని పై బెరడులోకి దూర్చి, తాడుతో బిగించి, మైనం పూశారు. రెమ్మ తలకిందులు కాకుండా ఒక్కొక్కటీ రెండుసార్లు చూసుకున్నారు. చక్కెర గాయం దాటి కిందికి దిగడానికి ఇవి వంతెనలు. మూడు అతుక్కున్నాయి. ఇప్పుడు అవి నా బొటనవేలికి రెండింతల లావు. చెట్టు బతికింది.

కానీ నిరుడు కాలిబాట వేస్తూ మొదలు దాకా సిమెంటు పోశారు. ఈ ఊళ్లో గొడ్డలి కంటే సిమెంటే ఎక్కువ చెట్లను చంపుతోందని నా గట్టి నమ్మకం. వేరు నీళ్లు పీల్చే గొట్టం మాత్రమే కాదు. మట్టిలో పలుచగా ఉన్న నైట్రేటును, పొటాషియంను లోపలికి లాగాలంటే శక్తి ఖర్చు పెట్టాలి. దానికి చక్కెరా కావాలి, ప్రాణవాయువూ కావాలి. అప్పుడు చక్కెర ఆపారు, ఇప్పుడు గాలి ఆపారు. కర్ణాటకలో 1976 నుంచి వృక్ష సంరక్షణ చట్టం ఉంది, అయినా చెట్టును చంపడమంటే నరకడమేనని అందరి ఊహ. ఢిల్లీ చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఇక్కడా అదే చేయాలి.

పోయిన ఆదివారం నేనూ పక్కింటాయనా గునపంతో ఒక వైపు పగలగొట్టాం. కింద మట్టి బూడిదలా పొడిగా ఉంది. ఒక పగులులోకి మాత్రం లేత వేర్లు పాకి ఉన్నాయి. వీధి వైపు ఇంకా మిగిలింది, ఈ ఆదివారం అది కూడా తీసేస్తాం.